నిరాడంబరత: ఆజ్ఞయా? సంకల్పమా?

నిరాడంబరత సద్గుణమని పెద్దలందఱు చెప్పుదురు. ప్రభుత్వాజ్ఞ వలన కలిగిన నిరాడంబరతకును ఆ పేరు చెల్లునా? ద్వితీయ ప్రపంచ సంగ్రామ కాలమున ఆంగ్లదేశమున జరిగిన యుదంతమొకటి ఈ విచారణకు మిక్కిలి యుపకరించును.

శత్రువులు ఓడలను ముంచుచుండుటచే ఆ దేశమునకు విదేశీ కలప రాక క్షీణించెను. వచ్చిన కొలదియు యుద్ధావసరములకే చాలదయ్యెను. బాంబులచే ఇండ్లు కూలినవారికిని, క్రొత్తగా వివాహమైన వారికిని మంచము, బల్ల, కుర్చీ లేక గడవదు గదా! వాణిజ్యమండలి అధ్యక్షుడు హ్యూ డాల్టన్ 1942లో ఒక సలహాసంఘమును నియమించెను. గృహోపకరణముల రూపకల్పనలో పేరెన్నిక గన్న గార్డన్ రస్సెల్ అందొక సభ్యుడు. హై వికోంబ్ వాసులైన ఎడ్విన్ క్లించ్, హెచ్.టి. కట్లర్ అనువారు నమూనాలు గీసిరి. 1943 జనవరి 1న ‘యుటిలిటీ’ సామగ్రి పట్టిక వెలువడెను. ధనమున్నంత మాత్రమున కొనుటకు వీలులేదు. అర్హతను తెలుపు అనుమతి పత్రము వలయును.

ఆ వస్తువులపై లతలు లేవు, చెక్కడపు పువ్వులు లేవు. అయినను బెజ్జమున కూసము బిగించియే అతుకవలెనని నియమము. అంతకుముందు చౌక సామానులు చేయువారు బలహీనమైన అతుకులను దట్టమైన పూతతోను, అంటించిన నగిషీతోను మఱుగుపఱచుట కలదు. నగిషీ పోవుటతో ఆ మఱుగును పోయెను. కొన్నవానికి దీనివలన పుణ్యమేమియు లేదు. అతనికి వేఱు దారి లేదు. కంటికి కనబడని కూసమును సరిగా బిగించిన వడ్రంగి యందు మాత్రము గుణము కలదని నా యభిప్రాయము.

ఇచట ఒక చిక్కు కలదు. తాతలనాటి చెక్కడపు బీరువాలు గల సంపన్నుని యింటి జోలికి ఈ ఆజ్ఞ పోలేదు. అది వర్తించినది ఇల్లు కోల్పోయినవానికి, క్రొత్త కాపురము పెట్టినవానికి. లేనివానికి నిరాడంబరతను బోధించుట ఎవరికైనను సులభమే! అయినను ఆ ఏర్పాటు అన్యాయమని నేననజాలను. ఉన్న కొంచెము కలప ఎక్కువ వెల పెట్టగలవానికి పోక అక్కఱ గలవానికి చేరెను. ఈ సామగ్రికి కొనుగోలు పన్ను సైతము లేకుండెను.

పంట్లాము అంచును మడిచి కుట్టరాదని 1942లో వచ్చిన ఆజ్ఞను పురుషులు సహింపలేకపోయిరి. పొడవైనవి కొని ఇంట మడిచి కుట్టించుకొన్న పెద్దమనుషులును కలరు! 1944లో ఆ నిషేధము తొలగెను. పింగాణి సంగతి వేఱు. పూలు చిత్రించిన పాత్రలు విదేశములకు ఎగుమతి. స్వదేశీయులకు తెల్లనివి, కొన్నిటికి పిడి సైతము లేదు. యుద్ధము ముగిసినను ఈ నిషేధము 1952 వఱకు నిలిచెను. విదేశీ ద్రవ్యము దేశమునకు అత్యవసరమే. అయినను, తాము చిత్రించిన పువ్వు తమ యింటి పాత్రపై ఉండరాదన్నప్పుడు ఆ పనివారికి ఎట్లుండెనో!

గృహోపకరణముల నియమములును 1952లో అంతరించెను. సాదా రూపములను చూచి చూచి జనుల అభిరుచి మాఱునని రస్సెల్ ఆశించియుండెను. పెక్కుమంది మరల నగిషీనే కోరిరి. దీనిని చూపి పథకము విఫలమైనదనుట తొందరపాటు. పదేండ్లు రంగు చూడని కన్ను రంగును కోరుట దోషము కాదు. ‘సిసి 41’ ముద్ర గల ఆనాటి కుర్చీలు నేటికిని లండను ప్రదర్శనశాలలలోను, కొందఱి యిండ్లలోను కలవు.