కళ్ళు మూసుకుని కొను

ఫ్రాంక్‌ఫర్ట్‌కి రైల్లో గంట దూరంలో ఉంది వెట్జ్లార్, లైకా కెమెరా పుట్టిన ఊరు. నలభయ్యో పుట్టినరోజుకి నాకు నేనే ఇచ్చుకున్న కానుక ఆ కంపెనీ లెన్సు, సెకండ్‌హాండ్ సమ్మిక్రాన్ 50 ఎం.ఎం. ధర అడక్కండి, మా ఆవిడకి ఇప్పటికీ సగమే తెలుసు.

ఆ పేరు ఊరికే రాలేదు. 1914లో ఆస్కార్ బార్నాక్ తయారుచేసిన చిన్న కెమెరాలో వాడింది సినిమా ఫిల్ము. నెగెటివు 24×36 మిల్లీమీటర్లే. అంత చిన్నదాన్ని పెద్ద బొమ్మగా పెంచితే లెన్సులోని లోపమూ దానితోపాటే పెరుగుతుంది. అందుకని లెన్సు గొప్పగా ఉండక తప్పలేదు. మాక్స్ బెరెక్ లెక్కలు కట్టి తయారుచేసిన లెన్సుతో 1925లో కెమెరా అమ్మకానికొచ్చింది. 1953లో ఇలాంటి లెక్కల కోసమే లైట్జ్ వాళ్ళు కోన్‌రాడ్ జూజె చేసిన జెడ్5 కంప్యూటరు తెప్పించుకున్నారు. నా ఉద్యోగానికి ముత్తాత అన్నమాట. తర్వాత కంప్యూటర్లు అందరికీ వచ్చాయి, మంచి లెన్సు చేయడమూ చాలామందికి వచ్చింది.

ఇదంతా తెలిసే, ఆఫీసులో ఒక గుంటూరు కుర్రాడు "అన్నా, అంత డబ్బు పెట్టొచ్చంటావా?" అంటే, "కళ్ళు మూసుకుని కొను, ఆ మెరుపే వేరు" అన్నాను. కొనేశాడు. చెల్లెలి పెళ్ళి అప్పు ఇంకా తీరలేదని నాకు తర్వాత తెలిసింది.

అప్పుడు పట్టుకుంది భయం. ఎప్పుడో కోఠీలో కొన్న పాత 50 ఎం.ఎం. లెన్సు బయటికి తీశాను. ఒకే కెమెరాకి అడాప్టర్లతో రెండూ మార్చి మార్చి పెట్టి, స్టాండు కదపకుండా కిటికీలోంచి ఎదురింటిని తీసి, ప్రింట్లు వేయించాను. ఎఫ్/2 దగ్గర తేడా ఉంది. పాత లెన్సులో మూలలు అలుక్కుపోయాయి. ఎఫ్/8 దగ్గర ఏది ఏదో మా ఆవిడ చెప్పలేకపోయింది. నేనూ చెప్పలేకపోయాను. నేను పగటిపూట తీసే ఫొటోలన్నీ దాదాపు ఎఫ్/8లోనే.

అబద్ధమాడానా? తెలిసి ఆడలేదు. కానీ చూసి చెప్పిన మాటా కాదది. డొనేషను కట్టి సీటు కొన్నవాడు ఆ కాలేజీని తిట్టగా ఎవరైనా విన్నారా? నాలోంచి మాట్లాడింది నా కన్ను కాదు, నేను పెట్టిన డబ్బు. నా డబ్బు గురించి నేను భ్రమపడితే అది నా ఇంటి గొడవ. అవతలివాడు నా మాటని సాక్ష్యంగా తీసుకున్నాడే, అక్కడే ముల్లు గుచ్చుకుంటోంది.

మర్నాడు కాంటీన్‌లో ఆ ప్రింట్లు అతని ముందు పెట్టి, ఉన్నదున్నట్టు చెప్పాను. కాసేపు అటూ ఇటూ తిప్పి చూశాడు. కోపం రాలేదు, మొహం మాత్రం చిన్నబోయింది.

"అన్నా, నేను అప్పుడే ఇంకో ఇద్దరికి చెప్పేశానే!"