ఆటలోని పురుగు, చేలోని పురుగు

చిలకలూరిపేటకు చేరువనున్న యొక పల్లెలో, ప్రత్తియు మిరపయు పండించు నొక మిత్రుని యింట ఒకనాటి సాయంకాలము మేము కూర్చుండి యుంటిమి. ఆయన చిన్నకుమారుడు, పదియేండ్లవాడు, గుంటూరులో చదువుకొను తన యన్న సెలవులకు తెచ్చిన లాప్‌టాప్ ముందర చేరి యొక యాట యాడుచుండెను. దీపములు పెట్టువేళకు తండ్రి చేనినుండి వచ్చెను. వీపున మందు డబ్బా, ముఖమునకు తుండుగుడ్డ, బట్టలనిండ ఘాటైన వాసన. బాలుడు తలయెత్తి, "నాన్నా! ఇందులో నలభై ఆరు పురుగులుంటే నేను ముప్ఫైని కాపాడాను. నువ్వివాళ ఎన్నిటిని చంపావు?" అని యడిగెను. నాయనమ్మ ఫక్కున నవ్వెను. తండ్రియు నవ్వి, "ఆట వేరు, చేను వేరురా" అని స్నానమునకు వెళ్లిపోయెను. మేము మాత్రము నవ్వలేకపోతిమి. బాలుని ప్రశ్నలో ఎగతాళి లేదు. తండ్రి యుత్తరములో అబద్ధము లేదు. అయినను ఆ యుత్తరము ఆ ప్రశ్నకు చాలదని మాకు తోచినది. ఏల చాలదో విచారించుటయే యీ వ్యాసమున మా యుద్దేశము.

ఆ బాలుడాడిన యాట పేరు హాలో నైట్. ఆస్ట్రేలియా దేశమున అడిలైడ్ నగరమందలి టీమ్ చెర్రీ అను చిన్న బృందము దానిని 2017లో వెలువరించినది. అందులో మనుష్యులు లేరు. రాజులు, భటులు, వర్తకులు, పిచ్చివారు, యాత్రికులు, అందరును పురుగులే. పాడుపడిన యొక పురుగుల రాజ్యములో, మేకునే కత్తిగా ధరించి, మాటలేని యొక చిన్నవీరుడు సంచరించును. దారిలో అక్కడక్కడ మెత్తని పచ్చని పిల్లపురుగులు గాజుజాడీలలో బంధింపబడి మూలుగుచుండును. అవి మొత్తము 46. జాడీని పగులగొట్టిన, ఆ పిల్ల సంతోషముతో కూసి, నేలలోనికి దూరి తన తండ్రికడకు చేరుకొనును. మా మిత్రుని కుమారుడు లెక్కపెట్టినది వీనినే. రంగును ఆకారమును చూచినచో, అదే పురుగు ప్రత్తికాయలో కనబడిన నాడు ఆ యింటిలో ఎవరికిని అన్నము సయించదు.

ఇది పాశ్చాత్యుల వింతయని కొందరు పెద్దలనవచ్చును. కాని పురుగును కథానాయకునిగా చేయుట తెలుగువారికి క్రొత్త గాదు. తన పేరు తాను మరచి, ఆవును దూడను గుఱ్ఱమును అడుగుచు తిరిగిన యీగ కథ వినక పెరిగిన తెలుగుబిడ్డ యుండడు. ఎండని చేప కథలో నేరము చేప మీదినుండి గడ్డిమోపుకును, ఆవుకును, పాలేరుకును, అవ్వకును, పిల్లవానికిని జరిగి జరిగి, తుదకు చీమకడ ఆగును. నా పుట్టలో వేలు పెట్టినవానిని నేను కుట్టనా యని తిరిగి ప్రశ్నించు ధైర్యము ఆ కథలో చీమకు మాత్రమే కలదు. శ్రీకాళహస్తి పేరులోని మొదటి యక్షరము శివుని గొలిచిన సాలెపురుగుది. భాగవతమున అవధూత చెప్పిన యిరువదినలుగురు గురువులలో మిడుతయు, తేనెటీగయు, సాలెపురుగును గలవు. 2012లో ఎస్. ఎస్. రాజమౌళి తీసిన 'ఈగ' చిత్రములో హతుడైన ప్రేమికుడు ఈగగా పుట్టి పగతీర్చుకొనుచుండగా, ఇంట ఈగలను విసనకఱ్ఱతో తోలు జనమే చిత్రశాలలో ఆ యీగ పక్షమున చప్పట్లు చరచిరి. ఆ చిత్రమునకు ఉత్తమ తెలుగు చిత్రముగా జాతీయ పురస్కారము లభించినది.

యంత్రపుటాటలలో పురుగుల చరిత్రయు రెండు పాయలుగా నడచినది. మొదటి పాయలో పురుగు గుఱి మాత్రమే. 1981లో అటారీ వారి సెంటిపీడ్ అను ఆట వచ్చినది. డోనా బెయిలీ అను వనితయు, ఎడ్ లాగ్ అనువాడును దానిని నిర్మించిరి. పైనుండి మెలికలు తిరుగుచు దిగు జెఱ్ఱిని ముక్కలు ముక్కలుగా కాల్చుటయే అందలి పని. ఆ జెఱ్ఱికి పేరు లేదు, ముఖము లేదు. రెండవ పాయలో పురుగు ఒక వ్యక్తి. 1991లో వచ్చిన సిమ్‌యాంట్ అను ఆటలో ఆటగాడు నల్లచీమల పక్షమున నిలిచి, ఎఱ్ఱచీమలతో పోరి, తుదకు మనుష్యులనే యిల్లు విడిచి పోవునట్లు చేయవలెను. 1996లో జపానులో పుట్టిన పోకెమాన్ కథ మరింత గమనింపదగినది. దాని కర్త సతోషి తజిరి బాల్యమున టోక్యో పొలిమేరలలో పురుగులను పట్టి పోషించుట యందు మిక్కిలి మక్కువ గలవాడు. నగరము పెరిగి ఆ మళ్లును కుంటలును కట్టడముల క్రింద పోయినవి. తాను పొందిన యా సంతోషము నేటి పిల్లలకు లేకపోయెనే యను చింతనుండి ఆ యాట పుట్టినది. అనగా పొలములోని పురుగు మాయమైన చోట ఆటలోని పురుగు పుట్టినదన్న మాట. ఈ సంగతిని చదువరులు మనసున నుంచుకొనవలెనని కోరుచున్నాము.

ఇక పూర్వపక్షమును విందము. ఆటలోని పురుగునకు పెద్దకన్నులు, కన్నీరు, పుత్రవాత్సల్యము, ఇవన్నియు మనుష్యుడు ఎరువిచ్చిన సొమ్ములు. నిజమైన కాయతొలుచు పురుగునకు కన్నీరు లేదు. గాజుజాడీలోని బొమ్మకై జాలిపడిన బాలుడు, మఱునాడు తూనీగ తోకకు దారము కట్టి యెగురవేయుట మానునా? ఆరుద్ర పురుగులను అగ్గిపెట్టెలో కుక్కుట మానునా? బొమ్మమీది దయ ఖర్చులేని దయ. అట్టి దయతో తృప్తిచెందినవాడు నిజమైన దయకు బదులు దానినే చెల్లించి ఋణము తీరినదనుకొనును. ఈ యాక్షేపణలో సత్యమున్నదని మేము ఒప్పుకొనుచున్నాము.

రైతు పక్షమునను సత్యమున్నది. 1980ల నడుమ గుంటూరు, ప్రకాశము జిల్లాల ప్రత్తిని తెల్లదోమ నాశనము చేసినది. వెంటనే శనగపచ్చ పురుగు విజృంభించినది. 2021లో నల్ల తామరపురుగు మిరపపూవులలో చేరి, చేలకు చేలే ఎండబెట్టినది. అప్పుచేసి పెట్టుబడి పెట్టినవానికి ఆ పురుగు వేదాంతవిషయము కాదు, బిడ్డ చదువు, కూతురి పెండ్లి, కౌలుబాకి. ఇండ్లలోని మాట చూచినను అంతే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్న తరువాత, దోమతెర కట్టక దోమయందు దయచూపు తల్లిని దయామయి యనువారెవ్వరు? కాబట్టి పురుగును చంపుట యెల్లయెడల పాపమని మేము చెప్పబోవుట లేదు. అట్లు చెప్పువారు తమ యన్నము ఎవరి చేతిమీదుగా వచ్చుచున్నదో మరచినవారు.

అయినచో దోషమెక్కడ? చంపుటలో గాదు, ఎఱుగక చంపుటలో నున్నదని మా యభిప్రాయము.

మన మాటలనే చూడుడు. చీడకు కొట్టు విషమును మనము 'మందు' అందుము. రోగికి ప్రాణము పోయుదానికిని, ప్రాణి ప్రాణము తీయుదానికిని ఒకటే పేరు. అట్లే చేలో ప్రాకునదంతయు 'పురుగు'. పేనుబంక పురుగే, ఆ పేనుబంకను తిని చేనును కాపాడు అక్షింతల పురుగును పురుగే. పచ్చదోమయు పురుగే, దాని పాలిటి యమునివంటి సాలీడును మనకు పురుగే. పేర్లు కలిసిపోయిన చోట కన్ను మూసుకొనిపోవును. కన్ను మూసికొని మందు కొట్టిన చేనిలో మొదట చచ్చునవి తరచుగా మిత్రపురుగులు. శత్రువులలో గట్టివి మిగులును, వాని సంతానము మరింత గట్టిదగును. 1987 నాటికి మన జిల్లాలలోనే శనగపచ్చ పురుగు కొన్ని మందులకు లొంగకపోయెను. 2002లో బీటీ ప్రత్తికి అనుమతి వచ్చినది. తొలుత మందుల పిచికారి తగ్గినది. మఱి పదియేండ్లు దాటినంతనే గులాబిరంగు పురుగు ఆ ప్రత్తిని సైతము తినుట నేర్చుకొన్నది. మందుమీద మందు, అప్పుమీద అప్పు. 1987, 1988 సంవత్సరములలో ప్రకాశము, గుంటూరు జిల్లాలయందును, పిమ్మట 1997, 1998లలో ఓరుగంటి ప్రాంతమునను ప్రత్తిరైతులు ప్రాణములు తీసికొనిరి. వారిలో పలువురు త్రాగినది పురుగులకై కొన్న మందే. పురుగునకును మనుష్యునకును నడుమ మనము గీచిన గీత ఎంత సన్ననిదో ఇంతకంటె కఠినముగా చెప్పు సంగతి మఱియొకటి లేదు.

ఎఱిగి నడచిన చోట్లును లేకపోలేదు. 1989లో ఇండోనేషియా వరిచేలలో మొదలైన రైతుల బడి, తరువాత మన దేశమునకు వచ్చి తెలుగునాట పొలంబడి యయ్యెను. అందు రైతులు చేయు పనులలో ఒకటి మిక్కిలి చిత్రమైనది. చేలో పట్టిన పురుగులను గాజుసీసాలో నుంచి, మూతికి పలుచని గుడ్డ కట్టి, ఎవరు ఎవరిని తినుచున్నారో కూర్చుండి చూతురు. నలువదియేండ్లు సేద్యము చేసిన పెద్దవారు సైతము, తాము విషముపోసి చంపిన అక్షింతల పురుగు తమ కూలి లేని జీతగాడని అక్కడ మొదటిసారి తెలిసికొందురు. నేడు భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో నున్న పునుకుల గ్రామము, 2000 తరువాతి తొలియేండ్లలోనే, వేపకషాయములతోను లింగాకర్షక బుట్టలతోను సేద్యముచేసి పురుగుమందులను వదలిన పల్లెగా పేరొందెను. ఆ గ్రామస్థులు పురుగుల మీద జాలిచేత అట్లు చేయలేదు. పురుగులను చూచుట నేర్చిరి.

ఆటలోను గాజుజాడీ, పొలంబడిలోను గాజుసీసా. ఒకదానిని బాలుడు పగులగొట్టును, ఒకదానిని తండ్రి పరీక్షించును. రెండింటికిని కావలసిన గుణము ఒక్కటే, వంగి చూచుట. జాలి లేనివాడును చూడడు, జాలి యెక్కువై కన్నులు చెమర్చినవాడును చూడలేడు. ఆటలోని పురుగు మన కన్నులకు ఆ యభ్యాసమును కొంత యిచ్చును. ఇది ఒకటి, దీనికొక తీరు కలదు, దీనికొక యిల్లు కలదు అని తెలుపును. అంతకుమించి యాట చేయలేదు. మిగిలినది చేయవలసినవారు పెద్దలు.

మహాభారతము ఆదిపర్వములోని మాండవ్యుని కథ ఇక్కడ స్మరింపదగినది. నేరము చేయకయే కొఱతవేయబడిన ఆ ముని, నాకీ శిక్ష యేలయని యమధర్మరాజును అడిగెను. బాల్యమున చిన్న పురుగులను పుల్లలతో గ్రుచ్చితివి గనుక అని యమధర్మరాజు బదులుచెప్పెను. ముని కోపించి, తెలియని పసితనపు తప్పునకు ఇంత శిక్షయా యని, అతనిని మనుష్యుడవై పుట్టుమని శపించెను. అతడే విదురుడు. పదునాలుగేండ్లు నిండువఱకు పాపమంటదని ఆనాడే ముని మర్యాద కట్టెను. ఈ కథను బాలుర విడుదలగా మాత్రమే చదువుట పొరపాటు. పసివానికి అంటని పాపము గాలిలో కలిసిపోదు గదా! అది నేర్పవలసియు నేర్పని పెద్దలవైపు తిరుగును. ఆ భారతముననే, అనుశాసనికమున, బండిచక్రముల చప్పుడు విని దారిమీద పరుగెత్తు పురుగొకటి వ్యాసునకు కనబడును. నీచజన్మవు, నీకు ప్రాణమేల తీపియని ఆయన అడుగును. ఎవరి ప్రాణము వారికి తీపియేయని యది చెప్పును. వ్యాసుడంతటివాడు బండిదారిలో నిలిచి పురుగు చెప్పినది వినెను.

కావున గృహస్థులకు మా విన్నపమిది. పిల్లవాడు పురుగులయాట యాడుచున్నాడని కసరవలదు. ఆటలో దయ నేర్చుకొనుచున్నాడులే యని నిశ్చింతగాను ఉండవలదు. వాడు ఆటలో పదింటిని గుర్తుపట్టిన, దొడ్డిలో రెండింటినైన చూపుడు. పసిబిడ్డకు ప్రతిదానిని 'ఛీ, పురుగు' అని నేర్పుట మానుడు. దాని పేరు చెప్పుడు, అది చేయు పని చెప్పుడు. చంపవలసివచ్చిన దేనిని, ఏల, ఎంతవఱకు అని బిడ్డ వినునట్లు చెప్పుడు. కారణము చెప్పలేని చోట మన చేయి దానంతట తానే ఆగవలెను.

మఱునాటి యుదయము మా మిత్రుడు కొడుకును వెంటబెట్టుకొని చేనికి బయలుదేరెను. మేమును పోయితిమి. ఆయన యొక ఆకును తిరుగవేసి చూపెను. బాలుడు వ్రేలుపెట్టి, "ఇదేంటి నాన్నా?" అనెను. "పచ్చదోమ. రసం పీలుస్తుంది." "మరి ఇది?" "అక్షింతల పురుగు. దీన్ని ఏమీ అనకూడదు." "ఇదో?" తండ్రి చాలసేపు వంగి చూచెను. తుదకు, "తెలియదురా" అనెను. నిన్నటి యుత్తరముకంటె ఈ యుత్తరమే మాకు నచ్చినది. ఆనాడు ఆ వరుసలో ఆయన మందు కొట్టలేదు. ఆ పురుగును సీసాలో నుంచి, తెలిసినవారికి చూపుటకు ఇంటికి తెచ్చెను. దారిపొడుగునను ఆ సీసాను బాలుడే పట్టుకొనెను.