తగవు లేకపోతే చాలునా?



తండ్రి పోయాక అన్నదమ్ములిద్దరు ఇల్లు పంచుకుంటారు. నడుమ గోడ లేస్తుంది. తల్లిని మాత్రం గోడ కట్టి పంచుకోలేరు కనుక నెల వంతులు పెట్టుకుంటారు. ఒకటో తారీఖున ఆమె దుప్పటి, మందుల సంచి పట్టుకొని ఈ వాకిట్లోంచి ఆ వాకిట్లోకి వెళుతుంది. "మా మధ్య ఏ తగవూ లేదండీ" అని ఇద్దరూ చెబుతారు. నిజమే. అయితే అది చాలునా? ఈ ప్రశ్నను మీ ముందు ఉంచే ముందు మిమ్మల్ని ఉత్తర అట్లాంటిక్ సముద్రం దాకా తీసుకుపోతాను.

ఆ నీళ్లలో రొయ్యలకు దూరపు చుట్టాలైన చిన్న ప్రాణులు లెక్కకు అందనన్ని తేలుతుంటాయి. శాస్త్రజ్ఞులు వీటిని జంతు ప్లవకాలు అంటారు. వాటిలో కాలనస్ ప్రజాతికి చెందిన రెండు జాతులు ఫిన్మార్కికస్, హెల్గోలాండికస్. రెండూ బియ్యపు గింజకన్నా చిన్నవే. చూడటానికి కవల పిల్లల్లా ఉంటాయి. సూక్ష్మదర్శినిలో ఈదే కాళ్లలో చివరి జతను పరిశీలిస్తే గాని ఏది ఏదో చెప్పలేరు. రెండింటికీ ముఖ్యాహారం ఒకటే, నీటిలో తేలే సూక్ష్మమైన మొక్కలు.

ఒకే ఆహారం కోసం పోటీపడే రెండు జాతులలో ఒకటి రెండవదానిని తొలగిస్తుందని రష్యా శాస్త్రజ్ఞుడు గౌస్ 1934లో ప్రచురించిన ప్రయోగాలలో చూపించాడు. మరి ఈ రెండూ ఎలా బతుకుతున్నాయి? పంచుకొని బతుకుతున్నాయి. ఫిన్మార్కికస్‌కు చల్లని నీరు కావాలి, హెల్గోలాండికస్‌కు కొంచెం వెచ్చనిది కావాలి. ఉత్తర సముద్రంలో మొదటిది వసంతకాలంలో విస్తరిస్తే, రెండవది వేసవి దాటాక విస్తరిస్తుంది. ఐర్లండుకు దక్షిణాన ఉన్న కెల్టిక్ సముద్రంలో వేసవికి పైనీరు వేడెక్కుతుంది. అప్పుడు హెల్గోలాండికస్ పైపొరలో, ఫిన్మార్కికస్ అడుగున చల్లని నీటిలో ఉంటాయి. మేడ మీద ఒకరు, కింద ఒకరు అన్నమాట.

"చూశారా, ప్రకృతే ఎవరి చోటు వారికి పెట్టింది! మనుషులూ అలా ఉంటేనే మంచిది" అని మీలో ఎవరైనా అనవచ్చు. ఈ మాట మనకు కొత్త కాదు. కులానికొక వరుస, కులానికొక సమాధుల తోట ఏర్పరచిన వారూ "గొడవలు రాకుండా" అనే చెప్పారు.

ఈ వాదనలో రెండు లోపాలున్నాయి. మొదటిది, ప్రకృతి ఒకే పాఠం చెప్పదు. ఉత్తర పసిఫిక్ నడిసముద్రంలో ఇటువంటి ప్రాణులను పరిశీలించి మెక్‌గోవన్, వాకర్ అనే శాస్త్రజ్ఞులు 1979లో ఒక అధ్యయనం ప్రచురించారు. అక్కడ అనేక జాతులు ఒకే లోతుల్లో కలిసిమెలిసి కనిపించాయి. గోడ కావాలనే వానికి ఒక సముద్రం సాక్ష్యమిస్తే, వద్దనే వానికి మరొకటి ఇస్తుంది. సాక్షిని ఎన్నుకునేది మన మనసే. కాబట్టి బాధ్యతా మనదే.

రెండవది, ఆ ప్రాణుల పంపకంలో ఒప్పందం లేదు. నీటి చల్లదనమే వాటి సరిహద్దు గట్టు. సముద్రం వేడెక్కగానే గట్టు జరిగింది. 1980ల చివరి నుంచి ఉత్తర సముద్రంలో ఫిన్మార్కికస్ తగ్గిపోయి హెల్గోలాండికస్ పైచేయి అయింది. దెబ్బ తగిలింది ఎవరికి? కాడ్ చేపకు. దాని పసి పిల్లలకు వసంతంలో ఆహారం ఫిన్మార్కికస్. హెల్గోలాండికస్ పెరిగేది ఆలస్యంగా. అప్పటికే మితిమీరిన వేటతో తరిగిన ఆ చేపకు ఆకలి కూడా తోడైంది. ఆ రెండు జాతుల మధ్య తగవు లేదు, నష్టపోయింది మూడవ ప్రాణి. అది వాటి తప్పు కాదు. వాటికి అంతరాత్మ లేదు.

మనకు ఉంది. నెలాఖరున తల్లికి జ్వరం వస్తే, "ఎల్లుండి నుంచి తమ్ముడి వంతు కదా, వాడే ఆసుపత్రికి తీసుకెళతాడు" అనుకునే ఇంట్లో తగవు లేదు. కాని ఆ రెండు రోజులూ జ్వరంతో పడుకున్నది ఎవరు?

ఇల్లు పంచుకోవడం పాపమని నేననడం లేదు. ఒక్కోసారి రెండు పొయ్యిలు పెట్టుకుంటేనే ప్రేమ నిలుస్తుంది. గోడ కట్టినా అందులో ఒక తలుపు ఉంచుకోవచ్చు. న్యాయమైన పంపకమంటే ఇద్దరికీ సమానంగా రావడం మాత్రమే కాదు. ఆ పంపకానికి కూర్చున్నప్పుడు నోరు లేని మూడవ వ్యక్తికి ఏమవుతుందో చూడటం కూడా. పరిస్థితులు మారినప్పుడు మళ్లీ కూర్చుని మాట్లాడుకోవడం ఆ ప్రాణులకు చేతకాదు, మనకు చేతనవును.

ప్రియమైన వారలారా! ఈ రాత్రి భోజనాల దగ్గర మీ ఇంటి ఒప్పందాలను ఒక్కసారి తలచుకోండి. వాటి బరువు ఎవరి మీద పడుతోందో ఆ మనిషినే అడగండి.