ఇంటిపేరుకు గడి లేదు

"అన్నీ ఒకటే" అని ఆ రాత్రి నేనన్న మాట నన్ను వదలడం లేదు. అందులో అబద్ధం లేదు. ముప్పై ఏళ్లు డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్పినవాణ్ని, పాఠం తప్పలేదు. అయినా ఆ మాట అన్నప్పుడు నా గొంతులో ఎంత నిశ్చింత ఉందో గుర్తొచ్చినప్పుడల్లా చెవులు వేడెక్కుతాయి.

డర్బన్‌కు ఉత్తరాన, వెరూలం దాటాక చెరకుతోటల మధ్య ఒక కుంట. డిసెంబరు నెల. అక్కడ ఎండా వానా కలిసివచ్చే కాలం అది. మావాడి ఉద్యోగం డర్బన్‌లో కావడంతో నేనూ మా ఆవిడా నాలుగు నెలలు ఉందామని వెళ్లాం. పక్కవీధిలో ఒక పెద్దాయన పరిచయమయ్యారు. డెబ్బై అయిదు దాటిన మనిషి. తెలుగువాడు, తెలుగు రాదు. "రా", "కూర్చో", "అన్నం", ఇంకో పది మాటలు మిగిలాయి, అంతే. అర్థం తెలియకుండా రాగం మాత్రం తప్పకుండా పాడే భజనలు మరో రెండు. అక్కడ అందరూ పిలిచినట్టే ఆయన్ని అంకుల్ అనేవాణ్ని. ఆయన నన్ను ప్రొఫెసర్ అనేవారు. నేను లెక్చరర్‌గానే రిటైరయ్యానని రెండుసార్లు చెప్పాను. మార్చుకోలేదు.

"మా తమ్ముడి తోటలో రంగురంగుల కప్పలున్నాయి, చూస్తారా ప్రొఫెసర్?" అని ఒక సాయంత్రం కారెక్కించుకున్నారు.

కుంట ఇంకా కనబడకముందే వినబడింది. గాజుగోళీల సంచీ గచ్చు మీద కుమ్మరించి, అవి దొర్లడం ఆపేలోగా ఇంకో సంచీ కుమ్మరించినట్టు. దగ్గరికెళ్లేసరికి పక్కనున్న మనిషి మాట వినబడటం లేదు. రెల్లుదుబ్బుల మీద టార్చి వేశారు. బొటనవేలి మొదటి కణుపంత కప్పలు, పరకకొకటి. ఒకటి మట్టిరంగు, వీపుకు రెండు పక్కలా వెలిసిన చారలు, గొంతు బుడగలా ఉబ్బి కూస్తోంది. దాని పక్కన కూస్తున్నదానికి ముదురు వొంటి మీద పసుపు చుక్కలు. కొంచెం కిందగా మూడోది, పాలరాతి మీద సిరా ఒలికినట్టు తెలుపూ నలుపూ కలగలిసిన వీపు, ఎర్రటి వేళ్లు. అది కూయడం లేదు.

"మూడు రకాలు కదా?" అన్నారాయన.

"కాదంకుల్. అన్నీ ఒకటే."

"ఎలా తెలుసు?"

"కూత వినండి. పైన రెండూ ఒకే కూత కూస్తున్నాయి. కిందిది ఆడది, అది కూయదు."

ఆయన తల పక్కకు వంచి నిజంగానే విన్నారు. తర్వాత అన్నారు: "మా వీధిలో తమిళవాళ్లున్నారు, తెలుగువాళ్లున్నారు, హిందీవాళ్లున్నారు. అందరం ఒకే ఇంగ్లీషు మాట్లాడతాం. కళ్లు మూసుకుని వింటే మమ్మల్నీ ఒకటే అంటారా?"

నవ్వేశాను. అది జవాబు చెప్పాల్సిన ప్రశ్న అని అప్పుడు తట్టలేదు.

ఇప్పుడు చెబుతాను. రంగు నమ్మరానిదని నాకు తెలుసు. ఈ రెల్లు కప్పలు తోక రాలి ఒడ్డెక్కినప్పుడు మగా ఆడా అన్నీ ఆ మట్టిరంగు చారల వేషంలోనే ఉంటాయి. ఈడొచ్చాక ఆడవన్నీ రంగుల వేషం కడతాయి. మగవాటిలో కొన్ని కడతాయి, కొన్ని పిల్లప్పటి బట్టల్లోనే పెళ్లికి వెళతాయి. పశ్చిమాఫ్రికా గడ్డిభూముల్లోని వీటి దాయాదులైతే వానల్లేని నెలల్లో ఎండిన పరకను కరచుకుని, ఒళ్లంతా తెల్లబరచుకుని, ఎండను తిప్పికొడుతూ నీటిచుక్క తాగకుండా బతికేస్తాయి. అంటే రంగు ఒకచోట వయసు, ఒకచోట లింగం, ఒకచోట గొడుగు. దాన్ని పట్టుకుని పేరు పెడితే ఏమవుతుందో ఎర్న్‌స్ట్ ఆల్ చేసి చూపించాడు. బెర్లిన్ మ్యూజియంలో స్పిరిట్ సీసాల ముందు కూర్చుని, రంగులు కరిగిపోయిన కప్పల్ని చూసి, 1931లో డజన్ల కొద్దీ కొత్త జాతుల పేర్లు అచ్చువేశాడు. వాటిలో చాలా పేర్లను ఆ తర్వాతివాళ్లు పాత పేర్ల కిందికి నెట్టేయాల్సి వచ్చింది. ఆయన్ని వెక్కిరించడం మా వృత్తిలో అందరూ చేసే పనే, నేనూ క్లాసులో చేశాను. కానీ రంగులేని శవాన్ని చూసి వాడి పెళ్లిబట్టలు ఊహించమంటే మనమైనా ఏం చేస్తాం?

డెన్మార్క్‌వాడు ఆర్నె షియోట్జ్ సీసాలు వదిలి కుంటలకు వెళ్లాడు. రాత్రిళ్లు కూత విన్నాడు. నేను అంకుల్‌కు చెప్పినది ఆయన పాఠమే. వేషాలు ఎన్ని ఉన్నా కూత ఒకటే, ఇదంతా ఒకటే పెద్ద కుటుంబం, సూపర్‌స్పీషీస్. ఎంత హాయిగా ఉంటుందో ఆ మాట! మనకు మరీ హాయి. మట్టే నిజం, కుండలన్నీ ఉత్త పేర్లు. బంగారం ఒకటే, నగలు వేరు. నామరూపాలు మిథ్య. చిన్నప్పటి నుంచి పురాణకాలక్షేపాల్లో వినీ వినీ, ఎక్కడ తేడా కనబడినా దాని వెనక ఒకటే ఉందనేస్తే జ్ఞానం వచ్చేసినట్టే మనకు.

బంగారం ఒకటే అనేది ఎవరి దృష్టి? తాకట్టు వ్యాపారి దృష్టి. ఆయన త్రాసుకు అమ్మ గాజులూ ఒకటే, చెల్లి గొలుసూ ఒకటే. కరిగించాక తూకం తప్ప ఏమీ మిగలదు. ఆ ఉపమానం చెప్పే పెద్దమనిషి నగ పోగొట్టుకున్నవాడి పక్కన ఎప్పుడూ కూర్చోలేదు కాబోలు.

పైగా "అన్నీ ఒకటే" అన్న మాట ఊరికే రాదు. దానికి ఖరీదుంది, ఎవరో ఒకరు కడతారు. కప్పల లెక్కలో అది పచ్చిగా కనబడుతుంది. 1841లో డ్యుమెరిల్, బిబ్రాన్ అని ఇద్దరు ఫ్రెంచివాళ్లు అబిసీనియా, అంటే ఇథియోపియా, నుంచి వచ్చిన కప్పకు విరిడిఫ్లేవస్ అని పేరు పెట్టారు, పచ్చా పసుపూ కలిసినదని. మరుసటేడు, 1842లో, రాప్ అనే జర్మనీ ఆచార్యుడు పోర్ట్ నాటల్ కప్పకు, అంటే ఈ డర్బన్ కప్పకే, మార్మొరేటస్ అన్నాడు, పాలరాయి లాంటిదని. రెండూ ఒకటే అని తేలిందనుకోండి, ముందు పుట్టిన పేరు నిలుస్తుంది. డర్బన్ కప్ప ఒక్క ఏడాది ఆలస్యానికి తన పేరు వదులుకుని ఇథియోపియా కప్ప పేరు కింద ఉపజాతిగా, మూడో మాటగా సర్దుకోవాలి. కొన్నాళ్లు సర్దుకుంది కూడా. అందర్నీ ఒకటి చేయడమంటే అందర్నీ మొదట వచ్చినవాడి పేరు కింద చేర్చడం. ఇది మనకు తెలియనిదా? మద్రాసులో ఓడ ఎక్కినవాళ్లందరూ నాటల్‌లో మద్రాసీలైపోయారు. ఆ మాటకొస్తే మనమూ ఢిల్లీ రైల్లో చాలాకాలం మద్రాసీలమే.

అలాగని వేరు వేరు అనేవాళ్ల పక్షం చేరిపోదామంటే మళ్లీ ఆల్ సీసాలు గుర్తొస్తాయి. డి.ఎన్.ఎ. చదివేవాళ్లు వచ్చారు, మట్టినే పరీక్షిస్తామన్నారు. షియోట్జ్ ఒకటన్న గుంపును వాళ్లు అనేక జాతులుగా విడదీశారు. కొందరు ఒప్పుకున్నారు, కొందరు లేదు. కుండలు పగలగొట్టి మట్టి దాకా వెళితే అక్కడా గీతలే. ఆ గీత ఎక్కడ గీయాలో మట్టి చెప్పదు, చదివేవాడే చెప్పాలి. అప్పుడు మిథ్య ఏది? నాకు తెలిసినంతలో వీటన్నిటి మధ్య కదలకుండా ఉన్నది పేరొక్కటే. రూపం మారింది, కూత లెక్కలోకి వచ్చింది, పోయింది, వంశవృక్షం కొమ్మలు తిరగబడ్డాయి. మార్మొరేటస్ అన్న మాట మాత్రం 1842 నుంచి పోర్ట్ నాటల్‌కే మేకు కొట్టినట్టుంది. ఎందుకంటే మా శాస్త్రంలో పేరు వర్ణనకు కట్టి ఉండదు, ఒక శరీరానికి కట్టి ఉంటుంది. టైపు అంటారు దాన్ని. ఆ శరీరం జాతికి ప్రతినిధి కానక్కర్లేదు, అందంగా ఉండనక్కర్లేదు, పేరుకు తగ్గట్టూ ఉండనక్కర్లేదు. ఆ రాత్రి కూస్తున్న మట్టిరంగు మగకప్ప వీపు మీద పాలరాయి జాడే లేదు. అయినా అది పాలరాతి కప్పే. పేరు గొప్ప, ఊరు దిబ్బ అంటాం వెటకారంగా. పాలకొల్లు అని ఇంటిపేరున్నవాడు పాలకొల్లు చూసి ఉండాలా ఏమిటి?

ఇంటిపేరు అన్నాను కదా. అసలు సంగతి అక్కడుంది, ఇంతసేపూ దాని చుట్టూ తిరుగుతున్నాను.

కుంట నుంచి తిరిగొచ్చాక ఆయన టీ ఇచ్చి, ప్లాస్టిక్ కవరులోంచి ఒక జిరాక్సు కాగితం తీశారు. ఓడ జాబితాలో ఒక పుట. 1860 నవంబరులో ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి తొలి బ్యాచిని దింపింది మొదలు 1911 దాకా నాటల్‌కు ఒప్పందం కూలీలుగా వచ్చినవాళ్లు 1,52,184 మంది. అందులో ఒక వరస ఆయన ముత్తాతది. గడులున్నాయి. నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు. చివర ఒంటి మీద గుర్తులు. విజగపటం జిల్లా అని చదవగలిగాను. ఊరి పేరు తెల్లదొర చెవికి ఎలా వినబడిందో అలా రాసుంది, నాలుగు ఊళ్లకు సరిపోతుంది. గుర్తుల గడిలో ఎడమకాలి పిక్క మీద మచ్చ.

ఆల్ రాసిన కప్పల వర్ణనలాగే ఉందనిపించింది. పైకి అనలేదు.

ఇంటిపేరుకు గడి లేదు. గడి లేనిది రాయరు, రాయనిది రెండు తరాల్లో పోయింది. ముత్తాత సొంత పేరే స్పెల్లింగు మారి, తెలుగు నోరు తిరగని రూపంలో, ఇప్పుడా కుటుంబానికి చివరి పేరు. మనవలకు అదే ఉంది. చెడ్డ పేరేం కాదు. ఆయనకు మాత్రం దాని ముందర ఏదో ఉండేదని తెలుసు. డర్బన్‌లో 1931లో పుట్టిన ఆంధ్ర మహాసభ వాళ్లు చెప్పారట, తెలుగువాళ్లకు పేరుకు ముందు ఇంకో పేరుంటుందని.

"ఏమై ఉంటుంది ప్రొఫెసర్?"

"ఆధారం లేదంకుల్."

"అయితే మీరే ఒకటి పెట్టండి."

కుదరదన్నాను. ఆధారం లేకుండా పేరు పెట్టకూడదని, అది అన్యాయమని చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను. "అయినా పేరులో ఏముందంకుల్, మనుషులంతా ఒకటే" అని ముగించినట్టు గుర్తు. ఆయన ఏమీ అనలేదు. ప్యాంటు ఎడమకాలు మోకాలి దాకా లాగి పిక్క చూపించారు. మచ్చ ఉంది. "పదేళ్లప్పుడు సైకిలు మీంచి పడ్డాను" అని పెద్దగా నవ్వారు. "నా దగ్గరున్న ఆధారం ఇదే."

గాయాలు వంశపారంపర్యం కావని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. కానీ ఆ మచ్చను ఆయన చూపించిన తీరు చూశాక, శాస్త్రం పేరు పెట్టేటప్పుడు ఏం అడుగుతుందో నేనే మర్చిపోయానా అనిపించింది. నిజంగా తగిన పేరేనా అని అది అడగదు. ఎవరి శరీరానికి, ఎక్కడ, ఎప్పుడు, ఎవరు పెట్టారు అని అడుగుతుంది. ఆ లెక్కన ఆయన దగ్గర అన్నీ ఉన్నాయి. లేనిది పెట్టేవాడు. కాదు, ఇది వాదన కోసం చేస్తున్న వాదన. ముత్తాతకు నిజంగా ఒక ఇంటిపేరు ఉండేది, ఎక్కడో ఆ ఇంటివాళ్లు ఇంకా ఉన్నారు. కప్పకు మనిషి పేరు పెట్టకముందు పేరు లేదు. ఇద్దరూ ఒకటి కారు.

తిరిగొచ్చి ఏడాదిన్నర అయింది. శ్రీకాకుళం వైపు ఆ స్పెల్లింగుకు సరిపోయే నాలుగు ఊళ్లలో మూడింటికి వెళ్లొచ్చాను. మా ఆవిడకు ఆలయాల యాత్ర అని చెప్పాను. ఆ కులంవాళ్ల ఇళ్లలో పెద్దవాళ్లని కూర్చోబెట్టుకుని, ఓడెక్కి పోయినవాళ్ల కథలేమైనా ఉన్నాయా అని అడిగాను. రంగూన్ పోయినవాళ్ల కథలు బోలెడు. నాటల్ ఎవరికీ తెలియదు. కానీ రెండు ఇంటిపేర్లు దొరికాయి. రెండూ ఆ కాలానికి, ఆ ఊళ్లకు కుదురుతాయి. ఇది కాదు అది అని చెప్పడానికి ఇసుమంత రుజువు లేదు.

సంక్రాంతికి ఆయన ఫోన్ చేశారు. గొంతు సన్నబడింది. మనవడికి కొడుకు పుట్టాడట, పేరు రాయించాలి. "ఏమైనా తట్టిందా ప్రొఫెసర్?"

రెండు పేర్లూ ఒక కాగితం మీద ఒకదాని కింద ఒకటి రాసి బల్ల మీద పెట్టుకున్నాను. రెండూ పంపి ఎంచుకోమంటే ఆయన మొదటిదే తీసుకుంటారు. నాకు తెలుసు. ఏది పైన ఉంటే అదే ఉండిపోతుంది.