చిలుము పట్టిన లోహము

2018 ఏప్రిల్ 18వ తేదీన రియాద్ నగరమున వెండితెర మరల వెలిగినది మొదలు సౌదీ అరేబియాలో ప్రొజెక్టరునకు గౌరవము హెచ్చినది గాని, జెద్దావంటి రేవుపట్టణములలో ఎఱ్ఱసముద్రపు ఉప్పుతేమ ఆ గౌరవమును లెక్కసేయదు. హాలోజను దీపముగల ప్రొజెక్టరులలో ఆ దీపపు మొలిబ్డినపు కాళ్లు సాకెట్టులో వదులైనను, వానికి చిలుము పట్టినను, విద్యుత్ప్రవాహమునకు అడ్డు పెరిగి, అడ్డువలన వేడిమియు, వేడిమివలన మఱింత చిలుమును కలిగి, 350 డిగ్రీల సెంటిగ్రేడు దాటినచో ఆ లోహము శీఘ్రముగ శిథిలమగును. సాకెట్టును చూడక దీపమును మాత్రమే మార్చువాడు క్రొత్తదీపమును గూడ చేజేతుల కాల్చుకొనును.

హృదయము దర్పణమనియు, పాపము దానికి పట్టిన తుప్పనియు 1111లో గతించిన ఇమాము గజాలీ వర్ణించెను. మలినమైన అద్దము మన వేదాంతులకును ప్రియమైన దృష్టాంతమే. తుడిచినచో లోపలిది చెడక యుండునని ఇరువురి ధైర్యము. అయితే చల్లారిన సాకెట్టును స్పిరిటుతో తుడిచి, సన్నని గరుకు కాగితముతో మెల్లగా రుద్దువానికి, చిలుము పైనుండి పడిన ధూళి గాదనియు, గాలితో కలిసి రూపుమాఱిన ఆ లోహమే యనియు, రుద్దిన ప్రతిసారియు లోహమే కొంత తఱుగుననియు తెలియును. గజాలీనాటి దర్పణములును లోహమయములే గదా! వేదాంతులు చెప్పు అవిద్యయు ఇట్టిదేనా? ఆత్మ విషయమున కాదనుట సులభము. చిత్తము విషయమున కాదనుట నాకు కష్టముగ తోచుచున్నది. మితిమీరిన వ్రతోపవాసములచే హృదయము కఱకెక్కినవారిని మనము చూడలేదా? పైపూత పోయిన సాకెట్టును నిపుణులు రుద్దరు, తీసివేయుదురు. విద్యారణ్యులు జీవన్ముక్తివివేకమున వాసనాక్షయముతో, అనగా సంస్కారములను తుడుచుటతో, నూరకుండక మనోనాశమును, అనగా మనస్సునే తీసివేయుటను, వేఱుగ విధించుటకు కారణ మిదియే యని నా తలంపు.