చివరి ల్యాప్, మూడో ప్రయత్నం

2012 మే 27. ఇండియానాపొలిస్ 500 మైళ్ల కార్ల పందెం చివరి ల్యాప్‌కి వచ్చింది. నాలుగు కిలోమీటర్ల చుట్టు 200 సార్లు తిరగాలి అక్కడ. 199 అయిపోయాయి. జపాన్ డ్రైవర్ టకుమా సాటో రెండో స్థానంలో ఉన్నాడు, ముందు డారియో ఫ్రాంకిటి. ఉన్నచోటే ఉండి గీత దాటితే రెండో స్థానం దక్కేది. సాటో మొదటి మలుపులో లోపలి పక్కన కనిపించిన కాస్త సందులోకి కారు దూర్చాడు. చక్రాలు పట్టు తప్పాయి. కారు గిర్రున తిరిగి గోడకు కొట్టుకుంది. ఫలితాల పట్టీలో అతని పేరు పక్కన 17 అని పడింది.

ఆ చివరి ల్యాప్ వీడియో చూసినప్పుడల్లా నాకు కరణం మల్లీశ్వరి గుర్తొస్తుంది. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో పెరిగి, నీలంశెట్టి అప్పన్న దగ్గర బరువులెత్తడం నేర్చుకున్న మన శ్రీకాకుళం జిల్లా బిడ్డ. 2000 సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్స్‌లో, 69 కిలోల విభాగంలో, స్నాచ్‌లో 110 కిలోలు ఎత్తింది. క్లీన్ అండ్ జెర్క్‌లో 130 ఎత్తింది. ఇంకొక్క ప్రయత్నం మిగిలింది. బరువు రెండున్నర కిలోలు పెంచి అడగొచ్చు. ఆవిడ 137.5 పెట్టించింది. అది లేచి ఉంటే మొత్తం 247.5. ఆ రోజు స్వర్ణం, రజతం రెండూ 242.5 దగ్గరే తేలాయి. లేవలేదు. 240తో కాంస్యం వచ్చింది. ఒలింపిక్స్‌లో పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయింది.

పలాస, టెక్కలి వైపు టీ కొట్ల దగ్గర ఈ లెక్క ఇప్పటికీ వేస్తారు. 132.5 అడిగి ఉంటే, అంటారు. పోయిన దాని మీద బాధ అది, నాకు అర్థమవుతుంది. కానీ ఆ మాట వెనక ఒక తీర్పు ఉంది: ఫలితం చెడింది కాబట్టి నిర్ణయం చెడ్డది. దానితో నేను ఏకీభవించలేను. ఆవిడ కడ్డీ ముందు నిలబడిన క్షణంలో ఫలితం ఇంకా లేదు. ఎదురుగా స్వర్ణం ఉంది, తను అంతకు ముందే 1994లో, 1995లో ప్రపంచ ఛాంపియన్. ఆ క్షణంలో ఆవిడకి తెలిసినదాన్ని బట్టే ఆ నిర్ణయాన్ని తూచాలి. సాటో విషయమూ అంతే. ఆ మలుపులో సందు నిజంగానే కనిపించింది. ఒకవేళ అతను బ్రేకు మీద కాలు పెట్టి రెండో స్థానం తెచ్చుకుని ఉంటే ఆ నిర్ణయాన్ని ఇవాళ ఎవరూ తలుచుకోరు కూడా.

సాటో జీవితమంతా అలాంటి సందుల్లోంచి నడిచిందే. పదేళ్ల వయసులో, 1987లో, సుజుకాలో ఫార్ములా వన్ పందెం చూశాడు. ఆ తర్వాత కారు దొరకలేదు, సైకిలు తొక్కాడు, సైకిలు పందాల్లోనే పేరు తెచ్చుకున్నాడు. మిగతా డ్రైవర్లు ఆరేడేళ్లకే గో-కార్ట్ ఎక్కుతారు. ఇతను రేసింగ్ బడిలో చేరేసరికి ఇరవై ఏళ్లు. 2001లో బ్రిటిష్ ఫార్ములా త్రీ గెలిచిన తొలి జపనీయుడయ్యాడు. 2004లో, అదే ఇండియానాపొలిస్‌లో, ఫార్ములా వన్‌లో మూడో స్థానం. 2008లో డబ్బు లేక అతని జట్టు సూపర్ అగురి మధ్యలోనే మూతపడింది. ముప్పై ఒక్క ఏళ్ల వయసులో నడపడానికి కారు లేనివాడయ్యాడు. అమెరికా వెళ్లి 2010 నుంచి అక్కడి కార్ల పందాల సిరీస్ ఇండీకార్‌లో మళ్లీ మొదలుపెట్టాడు. దాడి చేయకపోతే అవకాశమే లేదన్నది అతని నినాదం.

ఇంతవరకూ చెబితే ఇది ధైర్యం గురించిన కథ అవుతుంది. ఆ కథ మన జిల్లా తీరంలోని ఉద్దానంలో నిలబడి చెప్పాలంటే నాకు నోరు రాదు.

2012లో సాటో కారు కొట్టుకున్న గోడ ఉత్త కాంక్రీటు కాదు. ఇనుప గొట్టాలు, వాటి వెనక నురుగు దిమ్మెలు. నెబ్రాస్కా విశ్వవిద్యాలయం ఇంజనీర్లు తయారుచేసిన ఆ గోడను 2002లో మొట్టమొదట పెట్టింది ఇండియానాపొలిస్‌లోనే. గుద్దుకున్న దెబ్బను అది పంచుకుంటుంది. సాటో తన కాళ్ల మీద తను నడిచి బయటికొచ్చాడు, మరుసటి ఏడాది ఇండీకార్ పందెం ఒకటి లాంగ్ బీచ్‌లో గెలిచాడు. మల్లీశ్వరికి కూడా మూడో ప్రయత్నం పోయినా రెండో ప్రయత్నంలోని 130 ఎక్కడికీ పోదు, ఆ ఆట నియమమే అది. ఇద్దరూ తెగించినవాళ్లే, సందేహం లేదు. కానీ ఆ తెగింపు కింద వేరేవాళ్లు కట్టిపెట్టిన నేల ఒకటి ఉంది. మన దేశం నుంచి తొలిసారి ఫార్ములా వన్ కారు నడిపిన నారాయణ్ కార్తికేయన్ కూడా సాటోలాగే 1977 జనవరిలో పుట్టాడు. అతని తండ్రి ర్యాలీ ఛాంపియన్. ఆ ఇంట్లో కారు నడపాలని కలగనడం పిచ్చి కాదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140, 150 కిలోమీటర్ల గాలి. ఉద్దానంలోని కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు తోటల్లో కొబ్బరిచెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. జీడితోటలు, పనసలు పోయాయి. అంతకు ఐదేళ్ల ముందే ఫైలిన్ తుపాను వచ్చి వెళ్లింది. కొబ్బరి మొక్క కాపుకి రావాలంటే ఆరేడేళ్లు. పడిన చెట్టు పక్కనే మళ్లీ మొక్క పాతిన రైతు చేసింది సాటో చేసినదానికన్నా చిన్న సాహసమని నేను అనుకోను. తేడా ఒక్కటే, ఈయన గుద్దుకుంటే వెనక గోడలో నురుగు లేదు, అప్పు ఉంది.

దానికి తోడు ఉద్దానంలో కిడ్నీ జబ్బు. ఇన్నేళ్లుగా ఎన్ని పరిశోధనలు జరిగినా కారణం తేలని జబ్బు. తండ్రికి వారానికి రెండు మూడు సార్లు డయాలసిస్ పడుతుంటే ఆ ఇంట్లో పెద్దకొడుకు పరుగు పందెంలో ఎంత ముందున్నా, చదువులో ఎంత చురుకైనా, నెల తిరిగేసరికి జీతం వచ్చే పనే చూసుకుంటాడు. హైదరాబాదో చెన్నైయో వెళ్లే బండి ఎక్కుతాడు. బయటివాళ్లు వచ్చి మన కుర్రాళ్లలో పెద్ద ఆశలు లేవంటారు. ఆ మాట వింటే నాకు కోపం వస్తుంది. ఆ కుర్రాడికి ఉన్నది ఒకటే ప్రయత్నం, 130 ఎత్తకుండా నేరుగా 137.5 దగ్గర నిలబెట్టి తెగించమంటే ఎలా?

అందుకే 2023 డిసెంబరులో పలాసలో తెరిచిన 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, హిరమండలం జలాశయం నుంచి గొట్టాల్లో ఉద్దానానికి వచ్చే తాగునీరు నాకు చికిత్సకీ దాహానికీ మించినవిగా కనిపిస్తాయి. మందు, నీళ్లు ఇంటి దగ్గరే దొరికితే ఒక కుర్రాడు ఒక ఏడాది ఆగి, తను నిజంగా కోరుకున్నదాని కోసం ప్రయత్నించి చూడగలడు. ఓడిపోయినా ఇల్లు కూలదు.

2017 మే 28న సాటో మళ్లీ ఇండియానాపొలిస్ చివరి ల్యాపుల్లో ఉన్నాడు. ఈసారి హీలియో కాస్ట్రోనెవెస్‌ను దాటి, 0.2011 సెకన్ల తేడాతో గెలిచాడు. ఆ పందెం గెలిచిన తొలి ఆసియావాసి. 2020లో ఇంకోసారి గెలిచాడు. ఈ విషయం మా వీధిలో ఇంటర్ చదివే ఒక అబ్బాయికి చెప్పాను. అంతా విని, 2012లో కారు పగిలిపోయింది కదా, దాని ఖర్చు ఎవరు పెట్టుకున్నారు అని అడిగాడు. జట్టు అన్నాను. తలూపాడు. వాళ్ల నాన్నకి మర్నాడు డయాలసిస్ ఉంది, పొద్దున్నే ఆసుపత్రికి తీసుకెళ్లాల్సింది వాడే.