చందా కట్టలేని పాఠకుడు

రాసేవాడు కూడా అన్నం తినాలి. ఈ చిన్న మాట ఒప్పుకోవటానికి మన సాహిత్యలోకం మొదటినుంచీ మొహమాటపడుతూనే వుంది. సాహిత్యం అమ్మకపు సరుకు కాదని సభలో గంటసేపు చెప్పి, సభ ముగిశాక రచయితకు బస్సు చార్జీ ఇవ్వటం మరిచిపోతాం. కాబట్టి పాఠకుడే రచయితకు నేరుగా డబ్బు పంపే ఏర్పాటు ఒకటి ప్రపంచంలో పెద్దయెత్తున పెరుగుతూ వుంటే, దాన్ని పెట్టుబడిదారీ మాయ అని ఒక్క ముక్కలో కొట్టిపారెయ్యటం నాకు ఇష్టం లేదు. అలాగని చప్పట్లు కొట్టటమూ ఇష్టం లేదు.

సబ్‌స్టాక్ అనే అమెరికా కంపెనీ 2017లో మొదలయింది. దాని పని చాలా సులువైనది. రచయిత తన వ్యాసాన్ని ఈమెయిలు ఉత్తరంగా పంపుతాడు. కొన్ని ఉత్తరాలు అందరికీ, కొన్ని చందాదారులకే. వచ్చిన చందాలో నూటికి 10 వంతులు కంపెనీవి. డబ్బు చేరవేసే సంస్థ కోత వేరు. డబ్బు కట్టే చందాలు 2021 నవంబరుకు 10 లక్షలన్నారు, 2025 మార్చికి 50 లక్షలన్నారు. అదే ఏడు జూలైలో పెట్టుబడిదారులు మరో 10 కోట్ల డాలర్లు పెట్టి, కంపెనీ విలువ 110 కోట్ల డాలర్లని లెక్కగట్టారు. ఇంత సొమ్ము పెట్టినవాళ్ళు సాహిత్యాభిమానంతో పెట్టలేదని వేరే చెప్పనక్కరలేదు.

చందా మీద బతకటం మనకు కొత్త కాదు. 1922లో ఒద్దిరాజు సోదరులు ఇనుగుర్తి అనే పల్లెలో అచ్చుయంత్రం పెట్టి తెనుగు పత్రిక నడిపారు. అదే ఏడు నల్లగొండ నుంచి నీలగిరి పత్రిక వచ్చింది. 1926లో సురవరం ప్రతాపరెడ్డి సంపాదకుడుగా గోలకొండ పత్రిక వచ్చింది. కాశీనాథుని నాగేశ్వరరావు 1908లో బొంబాయిలో మొదలుపెట్టిన ఆంధ్రపత్రికకు అమృతాంజనం వెన్నుదన్నుగా నిలిచింది. (తలనొప్పి మందు డబ్బుతో పత్రిక నడపటం ఎంత ఉచితమో పత్రిక నడిపినవారికే తెలుసు.) తెలంగాణా పత్రికలకు అటువంటి సీసా ఏదీ లేదు. సర్కారు అండలేని భాషలో వాటికి చందాదారులూ, దాతలూ తప్ప దిక్కులేదు.

మన మిత్రులు కొందరు ఇలా వాదిస్తారు: ఇంతకాలం రచయిత పత్రికాధిపతికి లొంగి వున్నాడు, పత్రికాధిపతి ప్రకటనదారుకు లొంగి వున్నాడు, ఇప్పుడు ఆ మధ్యవాళ్ళు పోయారు. ఈ వాదంలో నిజం లేకపోలేదు. కాని మధ్యవాడు పోలేదు, వేషం మార్చాడు. నూటికి పది అంటే కౌలు. సగపాలుకు దున్నిన మెదక్ జిల్లా రైతు బిడ్డకు పదోవంతు పెద్ద బాధగా తోచకపోవచ్చు. పైగా ఈ కౌలుదారుకు ఒక సదుపాయం వుంది. చందాదారుల జాబితా రచయితదే. కోపం వస్తే దాన్ని మూటగట్టుకొని మరో చోటికి పోవచ్చు. ఏ కౌలురైతూ మట్టిని మూటగట్టుకొని పోలేడు.

అలా పోయినవాళ్ళు వున్నారు కూడా. నాజీ గుర్తులు పెట్టుకొన్న ఉత్తరాలు సబ్‌స్టాక్‌లో నడుస్తున్నాయని, వాటిలో కొన్ని చందాలు కూడా వసూలు చేస్తున్నాయని 2023 నవంబరులో అట్లాంటిక్ పత్రిక బయటపెట్టింది. రెండు వందల మందికి పైగా రచయితలు నిలదీశారు. నాజీలంటే మాకూ ఇష్టం లేదు గాని వాళ్ళ నోరు నొక్కం అన్నది కంపెనీ జవాబు. తరువాత హింసకు పురికొల్పుతున్నాయని కొన్నింటిని తీసేసింది, విధానం మాత్రం మార్చలేదు. 2024 జనవరిలో ప్లాట్‌ఫార్మర్ అనే పత్రిక తన జాబితాతో సహా వెళ్ళిపోయింది. అచ్చాఫీసువాడు ఎవరి కరపత్రమయినా అచ్చువేస్తాడు గదా, కంపెనీని తప్పుపట్టటం దేనికి అని కొందరంటారు. అచ్చాఫీసువాడు కూలి తీసుకొని వూరుకుంటాడు. అమ్ముడైన ప్రతి కాపీలో వాటా అడగడు. ద్వేషం ఎంత అమ్ముడైతే అంత లాభం వచ్చేవాడు నేను అచ్చాఫీసును మాత్రమే అంటే నమ్మటం కష్టం.

చందాదారుడు కూడా యజమానే. ఫలానా వ్యాసం పంపిన మర్నాడు ఎంతమంది చందా మానుకున్నారో రచయితకు లెక్క తెలుస్తుంది. మార్క్సు 1842లో రైనిష్ జైటుంగ్‌లో, పత్రికా స్వేచ్ఛను వ్యాపార స్వేచ్ఛలో ఒక భాగంగా చూడరాదని వాదించాడు. ఆ లెక్క రోజూ చూసుకొనే రచయితకు ఆ వాదం ఇప్పుడు బాగా అర్థమవుతుంది.

అయితే నన్ను నిజంగా ఇరుకునపెట్టిన ప్రశ్న నర్సాపూర్‌లోనే ఎదురయింది. డిగ్రీ చదివే కుర్రవాడొకడు అడిగాడు: “సార్, మాలో ఒకడు చందా కట్టిండు. వచ్చిన ఉత్తరం మా పదకొండు మందికి పంపుతుండు. ఇది దొంగతనమేనా?” ఆ ఉత్తరం రాసేది విదేశంలో వున్న ఒక ఆర్థికశాస్త్రజ్ఞుడు, ధాన్యం ధరల గురించి రాస్తాడు. చందా నెలకు అయిదు డాలర్లు, మన లెక్కలో నాలుగు వందల పైచిలుకు. ఈ కుర్రవాళ్ళు చుట్టుపక్కల వూళ్ళనుంచి రోజూ బస్సులో వచ్చి చదువుకొనేవాళ్ళు.

కాదు అని వెంటనే అనాలనిపించింది. దొంగతనమంటే ఒకడి దగ్గర వున్నదాన్ని లేకుండా చెయ్యటం. ఉత్తరం పన్నెండుమంది చదివితే రచయిత దగ్గర అది తరిగిపోదు. ఈ జవాబు సులువైనదే గాని చాలదు. తరిగేది రచయిత రోజులు. కార్మికుడి శ్రమకు విలువ కట్టమని గొంతు చించుకొనే మనం, రచయిత శ్రమ దగ్గరికి వచ్చేసరికి జ్ఞానం అందరిదీ అనటం ఏం న్యాయం?

మరి బస్టాండు దగ్గర టీ హోటల్లో పేపరు సంగతి? పొద్దున్నే జిల్లా పేజీ ఒకడి చేతిలో, సినిమా పేజీ మరొకడి చేతిలో వుంటుంది. సాయంత్రానికి అందులో మిర్చిబజ్జీలు కడతారు. ఒక ప్రతిని ముప్ఫైమంది చదివారని ఏ పత్రికాధిపతీ కేసు పెట్టలేదు. చదివేవాళ్ళు కొనేవాళ్ళకన్నా ఎన్నోరెట్లని గొప్పగా చెప్పుకొన్నాడు. నిజమే, అక్కడ ఖర్చు ప్రకటనదారు భరిస్తున్నాడు. కాని వట్టికోట ఆళ్వారుస్వామికి ప్రకటనదారు ఎవడు? 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి ఆయన పుస్తకాలు మోసుకొని తిరిగాడు. మాకు దూరం కాని జోగిపేటలో 1930లో మొదటి ఆంధ్ర మహాసభ జరిగిన కాలంలో, చదువొచ్చిన ఒక్కడు చదివితే పదిమంది కూర్చుని వినేవారు. చందా కట్టినవాడు తన ఒక్కడికోసమే కట్టలేదు. కాగితానికి తాళం లేదు గనక అది చేతులు మారింది. ఇప్పటి చందా ఒక మనిషి పేర, ఒక్క పెట్టెకు. ఈ ఏర్పాటులో కొత్తదనం ఈమెయిల్లో లేదు, ఈ తాళంలో వుంది.

షేర్లు ఎప్పుడు కొనాలో చెప్పే ఉత్తరానికి తాళం వేసుకుంటే నాకు అభ్యంతరం లేదు. అందరికీ తెలిస్తే దాని విలువే పోతుంది. కాని ధాన్యం ధర ఎందుకు పడిందో చెప్పే వ్యాసం ఎవరికోసం? కట్టగలిగినవాడికే అందితే అది రైతు గురించి రైతు వెనక చెప్పుకొనే మాట అవుతుంది. అదే ధర గురించి అబద్ధం మాత్రం వాట్సాప్‌లో పైసా ఖర్చు లేకుండా ప్రతి యింటికీ చేరుతుంది.

కుర్రవాడితో అన్నాను: “దొంగతనం అనను, బాకీ అంటాను. పన్నెండుమంది కలిస్తే తలా నలభై రూపాయలు దాటదు. వీలయిన నెల రెండు చందాలు కట్టండి. మేమింతమందిమి చదువుతున్నామని ఆయనకే రాయండి.”

“ఒద్దంటే, సార్?”

చదవటం మానెయ్యమని నేను చెప్పలేదు. అక్కడే కొందరు రచయితలు అన్ని ఉత్తరాలూ తెరిచే వుంచి, కట్టగలవాళ్ళను కట్టమని అడుగుతున్నారనీ, ఆ మాట ఉత్తరంలో రాయమనీ చెప్పాను. అయితే అలా బతకగలిగేది ముందే పేరున్నవాళ్ళని నాకు తెలుసు. పేరులేనివాడు తలుపు తెరిచిపెడితే ఇల్లు గడవదు, మూసుకుంటే వచ్చేవాడుండడు. తెలుగులో రాసేవాడికి ఈ చిక్కు ఇంకా ఎక్కువ. మన త్రైమాసిక పత్రికల చందా పుస్తకాలు చూసినవారికి ఎంత ఎక్కువో నేను చెప్పనక్కరలేదు.